ఆయనకు తెలియని మాట

'బయల్దేరాం' అని ఒక్క ముక్క వచ్చింది ఫోనుకు, అది చూడగానే చేతిలో ఉన్న ప్యాంటు జారి కింద పడింది, పడితే పడనీ, ఆయన ఇంటి నుంచి ఇక్కడికి కారులో గంట, ఆదివారం సాయంత్రం రోడ్డు ఖాళీగా ఉంటే ఇంకా తక్కువే, ఖాళీగా ఉండకూడదు, ఈ ఒక్క ఆదివారం బళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి నిలిచిపోవాలి, కానీ కారులో పిల్ల ఉంది, ఎక్కువసేపు కూర్చుంటే పిల్లకు కడుపులో తిప్పుతుంది, వద్దు వద్దు, రోడ్డు ఖాళీగానే ఉండాలి, పిల్ల తొందరగా రావాలి, ఆయన ఆలస్యంగా రావాలి. ఇద్దరూ వచ్చేది ఒకే కారులో కనుక ఈ కోరిక తీరేది కాదని ఆమెకూ తెలుసు. ప్యాంటు తీసి మిషను మీద పడేసి, కుర్చీ లాక్కుని, దాని మీదికెక్కి, పుస్తకాల అర పైన కూర్చున్న నల్లటి వైఫై పెట్టెను చేత్తో తడిమింది. వెచ్చగా ఉంది. ఇన్నాళ్ళూ దుమ్ము తుడవడానికి తప్ప దాన్ని ముట్టుకున్నది లేదు.

నిన్న పిల్లను పంపిన వెంటనే దీని పాస్‌వర్డ్ మార్చేయాల్సింది. వకీలమ్మ చెప్పిన రోజే మార్చేయాల్సింది. మారిస్తే మార్చినట్టు ఆయనకు తెలిసిపోతుందని ఒక భయం, మార్చకపోతే మిగతావన్నీ తెలిసిపోతాయని ఇంకో భయం, రెండు భయాల మధ్య కూర్చుని ఆమె ఈ రెండు రోజుల్లో ఊళ్ళో వాళ్ళ జిప్పులన్నీ బాగుచేసింది. ఆయన. మొదటి రోజే అడిగింది వకీలమ్మ, ఆయనంటే ఎవరండీ, పేరు చెప్పండి, కాగితాల మీద ఆయన అని రాయలేను కదా అని. పేరు నోటికి రాలేదు. ఎన్నడన్నా పేరు పెట్టి పిలిస్తే కదా రావడానికి. ఇంట్లో ఏవండీ అంది, పదిమందిలో మావారంది, ఇప్పుడు మావారు కాదు, ఏవండీ అసలే కాదు, 'అతను' అనుకుందామని చాలా రోజులు అభ్యాసం చేసింది, అతను వచ్చాడు, అతను అన్నాడు అని పాఠం అప్పజెప్పినట్టు, ఎక్కడో ఒకచోట కాలు జారి మళ్ళీ ఆయనే అయిపోయేవాడు. విడిగా ఉంటున్న మొగుణ్ణి ఏమనాలో ఎవరూ నేర్పలేదు. ఇతరులతో 'పిల్ల తండ్రి' అని నెట్టుకొస్తోంది.

పిల్ల తండ్రి ఒక ఆఫీసులో కంప్యూటర్లు, వాటి వైర్లు, వాటి తాళాలు చూసుకునే ఉద్యోగి. వెళ్ళిపోయిన రోజున బట్టలు పట్టుకెళ్ళాడు, బూట్లు పట్టుకెళ్ళాడు, ఇస్త్రీపెట్టె కూడా పట్టుకెళ్ళబోతే అది నా పనిముట్టు అని ఆమె అడ్డం నిలబడింది, ఆ ఒక్క దానికే అడ్డం నిలబడింది, ఆయన నవ్వి వదిలేశాడు. ఈ నల్ల పెట్టె గురించి ఇద్దరూ మాట్లాడలేదు. ఆమెకు తట్టలేదు, ఆయనకు అవసరం లేకపోయింది. పెట్టె ఇక్కడే ఉంది గాని దాని పెత్తనం ఆయన ఫోనులో ఉంది. ఏ ఫోను ఎప్పుడు కలిసింది, ఎప్పుడు విడిపోయింది, పిల్ల ట్యాబు ఎంతసేపు నడిచింది, అన్నీ అక్కడే, ఎక్కడో ఇంకో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఆ సంగతి ఆమెకు మధ్యవర్తి గదిలో తెలిసింది. మధ్యవర్తి మంచావిడే, మంచినీళ్ళు ఇచ్చింది, ఇద్దరినీ సమానంగా చూసింది. ఆయన గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు. 'బుధవారం పాప చాలా ఆలస్యంగా పడుకుందండీ, ట్యాబు ఆగలేదు' అన్నాడు. 'ఇంటికి కొత్త కొత్త ఫోన్లు వస్తున్నాయి, ఎవరివో తెలీదు, ఒకటి మాత్రం పదే పదే వస్తోంది, ఎవరని నేను అడగను, పాప ఉన్న ఇల్లు కాబట్టి చెబుతున్నాను' అన్నాడు.

ఆ పదే పదే వచ్చే ఫోను ఒక గుమస్తాది. పట్టుబట్టి ఒళ్ళు తగ్గించుకుంటున్నాడు, తగ్గినప్పుడల్లా ప్యాంట్లు పట్టుకొచ్చి నడుము బిగించమంటాడు, బిగించేదాకా ఆ మూల కుర్చీలో కూర్చుని ఫోనులో పాటలు వింటాడు, పాపం ఖాళీగా కూర్చున్నాడు కదా అని ఆమే పాస్‌వర్డ్ చెప్పింది. అందరికీ చెప్పేది. అంచులు మడిచేదాకా, గుండీలు కుట్టేదాకా కూర్చునేవాళ్ళకు కాలక్షేపం ఉండొద్దూ. అది ఆ గదిలో చెప్పాలి. అతని నడుము తగ్గుతోందండీ, అంతకుమించి ఏమీ లేదండీ అని చెప్పాలి. ఆ మాట నోట్లోంచి ఎలా వస్తుంది, వచ్చినా ఎలా వినిపిస్తుంది, మధ్యవర్తి ముఖంలోకి చూసి ఆమె మంచినీళ్ళు తాగింది. వచ్చేవారం మళ్ళీ అదే గది. బడి ఉన్న రోజుల్లో పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్నది ఆ రోజు తేలిపోతుంది. పిల్ల ఆదివారాల్లో మాత్రమే వచ్చే ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోబోయి ఆమె పెట్టెతో సహా కుర్చీ దిగిపోయింది.

సహాయ కేంద్రానికి ఫోను చేస్తే చాలాసేపు సన్నాయి వాయించారు, తర్వాత ఒక అబ్బాయి పలికాడు, గొంతు వింటే మూతిమీద మీసం కూడా వచ్చి ఉండదనిపించింది. పాత పాస్‌వర్డ్ తెలుసు గాని లోపలికెళ్ళి మార్చే తాళం తెలీదు, అది వేసిన మనిషి లేడు, అంది. అయ్యో సారీ మేడమ్ అన్నాడు అబ్బాయి, నిజంగా బాధపడ్డాడు, లేడంటే పోయాడనుకున్నాడు కాబోలు, ఆమె సరిదిద్దబోయి టైము లేక ఊరుకుంది, చంపినంత పని చేశానే అనుకుంది, లోపల ఏ మూలో కొంచెం హాయిగా కూడా ఉంది, ఛ. 'అయితే మొత్తం చెరిపేసి కొత్తగా పెట్టాలి మేడమ్. వెనక చిన్న చిల్లు ఉంటుంది, చూడండి. ఇంట్లో గుండుసూది లాంటిదేమన్నా ఉందా?' ఉందా అంటే. నేల మీద, చాప మీద, మిషను మీద, ఆమె జాకెట్టు భుజానికి గుచ్చి, ఇంట్లో గుండుసూది లేని చోటు లేదు, నడిచేటప్పుడు పిల్ల నేల చూసుకుని నడవడం నేర్చుకుంది, 'పాప కాళ్ళకు గుచ్చుకుంటాయి, అది ఇల్లా, కుట్టు దుకాణమా' అని కూడా అన్నాడేమో ఆయన ఆ గదిలో, అన్నాడా, లేదు, ఇంకా అనలేదు, వచ్చేవారం అంటాడు. భుజం మీది సూది తీసి చిల్లులో గుచ్చి పట్టుకుంది. పెట్టె మీద దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ప్రాణం ఉన్నదేదో చేతిలో పోయినట్టు ఆమెకు అనిపించింది.

'అది మాటలు వింటుందా బాబూ' అని అడిగింది. 'ఏది మేడమ్?' 'ఈ పెట్టె. మనం మాట్లాడుకునేవి, కుళాయి చప్పుడు, ఏడుపు, అలాంటివి.' 'లేదు మేడమ్. ఏ ఫోను కలిసింది, ఎంతసేపు ఉంది, అంతవరకే. వినడానికి దానికి ఏమీ ఉండదు.' మరైతే బిస్కెట్ల సంగతి. ఒక రోజు పాప బిస్కెట్లు తిని పడుకుందండీ, వాళ్ళమ్మ సింకు దగ్గర కుళాయి తిప్పుకుని ఏడుస్తుంది, అని ఆ గదిలో చాలా జాలిగా అన్నాడు ఆయన, ఆమె మీద జాలిగా. నిజమే. ఆ రోజు గిన్నెలన్నీ సింకులోనే ఉన్నాయి, పొయ్యి వెలిగించడానికి చెయ్యి లేవలేదు, కుళాయి ధారగా వదిలింది వినపడకూడదనే కదా, వంటగది తలుపు కూడా దగ్గరికి వేసిందే, మరి పెట్టె వినకపోతే ఎవరు విన్నారు. ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఆమె ఇంకో పని వెతుక్కుంటుంది. ఇప్పుడూ వెతుక్కుంది. దీపాలు మళ్ళీ వెలిగాయా లేదా అని చూసింది.

వెలుగుతున్నాయి ఒక్కొక్కటే. పెట్టె అడుగున చీటీ మీద ఉన్న అక్షరాలు కొట్టమన్నాడు, కొట్టింది, ఫోనులో ఒక తెల్లటి పేజీ వచ్చింది, కొత్త పాస్‌వర్డ్ అని ఒక ఖాళీ గడి, అందులో మినుకుమినుకుమంటూ ఒక గీత. 'ఇక మీ ఇష్టం మేడమ్. ఎనిమిది అక్షరాలకు తగ్గకూడదు. ఇంకేమన్నా సహాయం కావాలా?' ఒక మంచి మాట చెప్పగలవా అని అడిగేసింది. 'అది మేం చెప్పకూడదు మేడమ్. మీకు మాత్రమే తెలిసినదేదన్నా పెట్టుకోండి' అని, మళ్ళీ ఒకసారి సార్ విషయంలో సారీ చెప్పి, పెట్టేశాడు.

మీకు మాత్రమే తెలిసినది. ఎంత తేలిగ్గా అనేశాడు పిల్లాడు. వేళ్ళు అలవాటుకొద్దీ పిల్ల ముద్దుపేరు దగ్గరికి వెళ్ళాయి, పిచ్చుక, పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేది, ఆ పేరు పెట్టిందే ఆయన. చెరిపేసింది. పిల్ల పుట్టినరోజు, ఆయన లేకుండా పుట్టిందా. అమ్మ పేరు, ఊళ్ళో కుక్క పేరు, మొదట కొనుక్కున్న మిషను పేరు, అన్నీ ఆయనకు తెలుసు. ఒకసారి చుట్టాలందరూ భోజనాలయ్యాక కబుర్లాడుతుంటే ఆయన ఆమె ఫోను తీసుకుని, తాళం చెప్పనా అని, అందరి ముందూ నొక్కి తెరిచి చూపించాడు, రెండోసారికే తెరుచుకుంది, మా ఆవిడ మనసు తెరిచిన పుస్తకమండీ అన్నాడు, అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్వావే అని ఇప్పుడు తనను తాను గద్దించుకుంది. ఇంటికొచ్చాక కొత్త తాళం పెట్టుకుంటే నాతో దాపరికమా అని నొచ్చుకున్నాడు, నొచ్చుకున్నాడని మళ్ళీ పాతదే పెట్టింది.

తలుపు తట్టారు. అప్పుడే వచ్చేశారా, కాదు, ఎదురు ఫ్లాట్ పిన్నిగారు, చేతిలో ఫోను, మొహంలో సీరియల్ సగంలో ఆగిన బాధ. 'ఏమ్మా, నెట్ పోయినట్టుందే?' ఈవిడకు పాస్‌వర్డ్ చెప్పింది ఆమె కాదు, ఆయన. బయటివాళ్ళకు ఆయన అడక్కముందే ఇస్తాడు. 'మారుస్తున్నాను పిన్నిగారూ, కాసేపట్లో వస్తుంది.' 'అబ్బాయి ఉన్నప్పుడు ఒక్కరోజు పోలేదమ్మా' అంది పిన్నిగారు, పొడవాలని కాదు, ఆవిడ మాటలకు మొన ఉందని ఆవిడకే తెలీదు. 'పిల్ల పేరు పెట్టెయ్యి, తేలిగ్గా గుర్తుంటుంది. పెట్టాక చెబుతావుగా?' చెబుతానని గాని చెప్పనని గాని అనకుండా తల ఊపి తలుపు వేసింది. ఇదీ ఒకటి. ఈవిడకు చెబితే ఈవిడ ఫోను చేసి మరీ ఆయనకు చెబుతుంది. గుమస్తాకూ ఇక చెప్పకూడదు. వకీలమ్మ ఇంకో మాట కూడా అంది, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మామూలు విషయంలాగే అంది, 'ఎవరికీ చెప్పకండి, పాపకు కూడా.'

పాపకు కూడా. అడ్డదిడ్డంగా అక్షరాలు కొట్టేయొచ్చు, కానీ గుర్తుండవు, రాసి పెట్టుకోవాలి, రాసినది దాచాలి, ఈ ఇంట్లో ఆమె ఏది ఎక్కడ దాస్తుందో ఆయనకు తెలుసు, బొత్తాల డబ్బా అడుగున, మిషను సొరుగులో, చీరల మడతల్లో, దాచే చోట్లు కూడా మార్చుకోలేని మనిషి. పిల్లకైతే ఇంకా బాగా తెలుసు. కాబట్టి గుర్తుండే మాటే కావాలి, ఆయనకు తెలియని మాట కావాలి. చదువుకునే రోజుల్లో వెనక బెంచీలో కూర్చునే అతను, ఏమీ లేదు, రోజూ చూసుకునేవాళ్ళు, అంతే, అది కూడా పెళ్ళైన కొత్తలో ఆయన ఒళ్ళో తల పెట్టుకుని చెప్పేసింది. ఆయన నవ్వి, జుట్టు నిమిరి, విని, దాచుకున్నాడు, తర్వాతెప్పుడో కూర ఉప్పగా ఉన్న రోజున బయటికి తీశాడు. నాన్న చివరిరోజుల్లో తను విసుక్కున్నది చెప్పింది, అదీ దాచుకున్నాడు. చీకటంటే భయమని చెప్పింది. పిల్ల పుట్టిన కొత్తలో ఈ పిల్ల నాకొద్దని ఒక్క రాత్రి అనిపించిందని ఏడుస్తూ చెప్పింది, అది ఇంకా బయటికి తీయలేదు, ఆ గదిలో తీస్తాడేమో, గొంతు పెంచకుండా, జాలిగా. కడుపులో మాట నిలవని మనిషి ఆమె, ప్రేమంటే అన్నీ చెప్పేయడమే అనుకుంది, చెప్పినవన్నీ ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి, తన దగ్గర ఏమీ మిగల్లేదు. గడిలో గీత మినుకుమంటూనే ఉంది. ఇంత వయసొచ్చి ఎనిమిది అక్షరాల సొంతమైన మాట లేదా నాకు అని ఆమెకు నిజంగా ఏడుపొచ్చింది.

ఏడిస్తే కుళాయి తిప్పాలి, తిప్పే టైము లేదు. కిటికీలోంచి చూస్తే వీధి దీపాలు వెలుగుతున్నాయి, వంతెన వైపు నుంచి కార్లు వస్తున్నాయి, ఒకటి తెల్లది, కాదు, తెల్లది ఆయనది కాదు, ఆయనది బూడిద రంగు, ఆ గదిలో వేసుకొచ్చిన చొక్కా కూడా బూడిద రంగే, ఆ చొక్కా కాలరు అరిగిపోతే విప్పి తిరగేసి కుట్టింది తనే, కొత్తదానిలా ఉందే అన్నాడు, ఆ ఒక్క రోజూ చాలా బాగా మాట్లాడాడు. ఊరికే ఉండలేకపోయింది. మిషను మీది ప్యాంటు తీసుకుంది, గుమస్తాది, నడుము పట్టీ ఒకపక్క కుట్టేసి ఉంది, లోపలి వైపు మడత తిప్పి చూసుకుంటే అక్కడ, నల్ల గుడ్డ మీద, నువ్వుగింజంత, ఆకుపచ్చ దారంతో ఒక అడ్డకుట్టు. మధ్యాహ్నం వేసి ఉంటుంది. ఎప్పుడు వేసిందో గుర్తులేదు, ఎప్పుడూ గుర్తుండదు, చెయ్యి దానంతట అదే వేసేస్తుంది.

మొదటి ఉద్యోగంలో పడిన అలవాటు అది. పెద్ద షెడ్డు, వరసగా మిషన్లు, ఒకరు కాలర్లే, ఒకరు జేబులే, ఆమెకు కాలర్లు. సాయంత్రానికి చొక్కాలు గుట్టలుగా బండెక్కి వెళ్ళిపోయేవి, ఎవరు కుట్టారో ఎవరికీ తెలీదు, బజారులో ఎదురైనా తన చేతిపని తనే పోల్చుకోలేదు. సూపర్‌వైజరు కళ్ళు పెద్దవి గాని కాలరు మడత లోపలికి చూసేవి కావు. ఒకరోజు ఎవరికీ అక్కర్లేక డబ్బాలో పడి ఉన్న ఆకుపచ్చ దారం సూదికి ఎక్కించి, మెడ వెనక వచ్చే చోట, లోపలి మడతలో, ఒకే ఒక్క కుట్టు వేసింది. దొరికితే జీతం కోస్తారు. దొరకలేదు. ఆ రోజు బస్సులో ఇంటికొస్తుంటే ముందు సీట్లో కూర్చున్న మెడలన్నీ చూసుకుంటూ వచ్చింది, వాటిలో ఒకటి తనదై ఉండొచ్చు కదా అని, అంత సంతోషం మళ్ళీ కొన్నిసార్లే కలిగింది. అప్పటి నుంచీ చేతిలోంచి వెళ్ళిన ప్రతి గుడ్డకూ వేసింది. పెళ్ళయ్యాక ఆయన చొక్కాలన్నిటికీ వేసింది. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు, దాచాలని కాదు, చెప్పేంత విషయమని ఎప్పుడూ తోచలేదు. అంటే ఆ గదిలో, ఆమె గురించి తనకు తెలిసినవన్నీ ఒక్కొక్కటే నెమ్మదిగా చెబుతున్నంతసేపూ, ఆయన మెడ వెనక అది ఉంది. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో వెక్కిలి కూడా వచ్చింది.

ఆకుపచ్చకుట్టు అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది, తప్పు పోయింది, చెరిపి మళ్ళీ కొట్టింది, లోపలికెళ్ళే తాళానికీ అదే పెట్టింది, సేవ్ అన్నచోట నొక్కింది. దీపాలు ఆరి, వెలిగి, ఆలోచించి, నిలకడగా నిలబడ్డాయి. ఫోనులో నెట్ వచ్చింది. అయిపోయింది. అయిపోతే గుండె కుదురుకోవాలి కదా, కుదురుకోలేదు, ఇప్పుడు ఆ కుట్టును కూడా కాపాడుకోవాలి, ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు కనుక అది తనదిగా ఉంది, ఇప్పుడు అందరూ అడుగుతారు, గుమస్తా అడుగుతాడు, పిన్నిగారు అడుగుతుంది, గుమ్మంలో అడుగుపెట్టగానే పిల్ల అడుగుతుంది. చెప్పనమ్మా అనాలి. ఎందుకు అంటుంది. పెద్దవాళ్ళ విషయం అనాలి, లేదా నెట్ పాడైందని అబద్ధం ఆడాలి, దానికి అబద్ధం ఆడితే దాని కళ్ళు చిన్నవవుతాయి, ఏమీ అనదు, నమ్మినట్టు నటిస్తుంది, ఈమధ్య అది చాలా నటిస్తోంది, ఎప్పటి నుంచి, ఎందుకు, మళ్ళీ ఆ ప్రశ్న దగ్గరికే వచ్చింది మనసు, ఈసారి వెతుక్కోవడానికి పని కూడా లేదు.

కింద బూడిద రంగు కారు ఆగింది. తలుపు తెరుచుకుంది, సంచి దిగింది, వెనకాల పిల్ల దిగింది, పిల్ల గేటులోకి పరిగెత్తింది. కారు కదల్లేదు. మామూలుగా ఇక్కడికి రాగానే ఆయన ఫోను దానంతట అదే నెట్‌కు కలుస్తుంది, కాసేపు కారులోనే కూర్చుని ఏదో చూసుకుని వెళ్ళడం అలవాటు. ఇవాళ లోపల ఫోను వెలుగులో ఆయన గడ్డం కనిపిస్తోంది. తల ఎత్తి పైకి చూశాడు. ఆమె కర్టెను వెనక్కి తప్పుకుంది, తన ఇంట్లో తనే దొంగలా నిలబడింది, లిఫ్టు చప్పుడయింది, బెల్లు మోగింది.

'నెట్ పోయిందా అమ్మా? నాన్న ఫోనుకి రాలేదు.' బూట్లు విప్పకుండానే అడిగింది పిచ్చుక, సంచి ఇంకా భుజానే ఉంది.

'పోలేదు. మార్చాను.'

పిల్ల ముఖంలో ఏదో జరిగింది. ఏడుస్తుందేమో అనుకుంది ఆమె, ఏడవలేదు, సంచిలోంచి ట్యాబు తీసి తల్లి చేతికిచ్చి, గోడ వైపు తిరిగి, దాగుడుమూతల్లో దొంగలా రెండు అరచేతులతో కళ్ళు మూసుకుని నిలబడింది. 'నాకు చెప్పొద్దు. నువ్వే కొట్టెయ్యి. నేను చూడను.'

'ఎందుకే?'

'నాన్న అడుగుతాడు. అడిగితే నేను చెప్పేస్తాను. నాకు ఆగదు.' గోడతోనే మాట్లాడుతోంది. 'బిస్కెట్లు కూడా నేనే చెప్పాను. ఏం తిన్నావని అడిగాడు, అంతే. అమ్మ బాగుందా అన్నాడు. బాలేదు, కుళాయి తిప్పుకుని ఏడుస్తుందని చెప్పాను. నాన్న వస్తాడేమో అనుకున్నాను.'

ఆమె చేతిలో ట్యాబు అలాగే ఉంది. గంటసేపు కుర్చీలెక్కి, సూదులు గుచ్చి, ఎవరో కుర్రాడి చేత బతికున్న మనిషికి సంతాపం చెప్పించి, ఆమె తాళం వేసింది ఏ తలుపుకు. తన నోరే దీనికి వచ్చింది, కడుపులో మాట నిలవని నోరు, దీన్ని తీసుకెళ్ళి రెండిళ్ళ మధ్య కాపలా పెట్టారు ఇద్దరూ, ఆయన అడిగి, ఆమె అడగకుండా, ఇది రెండు వైపులా కావలి కాస్తూ నేల చూసుకుని నడుస్తోంది, ఇక కళ్ళు కూడా మూసుకోవాలట. వకీలమ్మ చెప్పింది సరైనదే. వకీలమ్మ ఈ వీపు చూడలేదు. సంచి పట్టీలు లాగి లాగి గౌను భుజాల దగ్గర ముడుచుకుపోయిన ఈ చిన్న వీపు చూసి ఉంటే అలా అనగలిగేది కాదు. ఆమె నేల మీద కూర్చుంది.

'చేతులు తియ్యి.'

'వద్దు.'

'తియ్యమంటున్నానా. ఇటు రా. నేను చెబుతాను, నువ్వు కొట్టు.'

'నాన్న అడిగితే?'

'చెప్పెయ్యి.'

పిచ్చుక వేళ్ళ సందుల్లోంచి చూసింది. 'మళ్ళీ నీకు ఇబ్బంది కదా.'

'చెప్పిన రోజు చెప్పానని నాకొక మాట చెప్పు. ఇంకో మాట పెట్టుకుందాం. మనింట్లో గుండుసూదులకేం తక్కువ?'

పిల్ల నమ్మడానికి కాస్త టైము పట్టింది. నెమ్మదిగా వచ్చి ఒళ్ళో కూర్చుంది, ఒళ్ళో కూర్చునే వయసు దాటిపోయి కాళ్ళు బయటికొచ్చాయి, బూట్లతోనే కూర్చుంది. ఆమె ఒక్కో అక్షరం చెప్పింది, పిల్ల ఒక్కో అక్షరం కొట్టింది, కొట్టాక పైకి చదువుకుని, ఆకుపచ్చకుట్టు అంటే ఏంటని అడిగింది. ఆమె పిల్ల మెడ మీది జుట్టు పక్కకు తీసి, గౌను కాలరు మడత వెనక్కి తిప్పి, నీకు కనిపించదు కదా అని, విప్పి చూడమంది. పిల్ల అక్కడికక్కడే సంచి పడేసి గౌను తలమీంచి లాగేసి, మడతలో వెతికి, దొరికిన నువ్వుగింజంత ఆకుపచ్చను వేలితో తడిమింది. 'నా వాటన్నిటికీ ఉందా?'

'అన్నిటికీ.'

'నాన్న వాటికి?'

'ఉంది. ఇవాళ వేసుకున్నదానికి కూడా ఉండే ఉంటుంది.'

'నాన్నకి తెలుసా?'

'తెలీదు.'

పిల్ల కాలరు మడత మూసి, మళ్ళీ తెరిచి చూసుకుంది. కింద కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది, ఇద్దరూ విన్నారు, ఇద్దరిలో ఎవరూ కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. చెబుతుంది, ఇది చెప్పకుండా ఉండలేదు, ఆయన ఫోను చేయగానే నాన్నా నీ కాలరు తిప్పు అంటుంది, ఆయన తిప్పి చూసుకుంటాడు, వచ్చేవారం ఆ గదిలో అది కూడా బయటికి వస్తుందేమో, రానీ. బడి రోజులు ఎవరివో ఇంకా తేలలేదు, భయం ఎక్కడికీ పోలేదు. కానీ కుళాయి తిప్పుకుని దాక్కోవలసిన పని ఇక లేదు, బాలేకపోతే బాలేదని ఈ పిల్లకే చెప్పొచ్చు. ఒళ్ళో బరువుకు ఆమె కాళ్ళు తిమ్మిరెక్కాయి, కదపలేదు.

'అమ్మా' అంది పిచ్చుక, గౌను తిరగేసి తొడుక్కుంటూ. 'నాన్నకి తెలియనివి ఇంకా ఏమున్నాయి నీ దగ్గర?'

ఇందాక ఈ ప్రశ్నే ఆమెను ఏడిపించింది.

'వెతుకుదాం. ముందు బూట్లు విప్పు' అంది.